సీటు కదలనంటోందా? మోటరు మార్చే ముందు కాస్త ఆగండి!

మీట నొక్కితే ముందుకొచ్చే సీటు, మీట నొక్కితే పైకి లేచే సీటు... కారు కొన్న కొత్తలో ఇంటిల్లిపాదికీ అదో ముచ్చట! చుట్టాలొస్తే ‘ఇదిగో చూడండి పిన్నీ’ అంటూ నొక్కి చూపించడం, పిల్లలు దాన్ని ఉయ్యాల చేసుకుని ఆడుకోవడం... ఒకప్పుడు పెద్ద పెద్ద విదేశీ కార్లకే పరిమితమైన ఈ సదుపాయం కొన్నేళ్లుగా మన ఇళ్ల ముందు నిలబడే బళ్లలోకీ వచ్చేసింది. క్రెటా, సెల్టోస్, హారియర్, ఇన్నోవా క్రిస్టా వంటి కార్లలో ఖరీదైన రకాలు కొన్నవారికి డ్రైవరు సీటును జరిపే పని చేతులది కాదు, కరెంటు మోటర్లది.

అంతా బాగున్నంత కాలం బాగానే ఉంటుంది. మరి ఒకరోజు పొద్దున్నే మీట నొక్కితే సీటు ఉలకక పలకక కూర్చుంటే? రాత్రి కారు నడిపి వచ్చిన ఆయనగారు ఆరడుగుల మనిషి. సీటు చివరిదాకా వెనక్కి జరిపి దిగిపోయారు. మీరేమో అయిదడుగులు. కాలు బ్రేకు దాకా అందదు. టైము ఎనిమిదిన్నర!

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. వీపు వెనక ఓ దిండు పెట్టుకుని బయల్దేరడం. సాయంత్రం గ్యారేజీకి పంపితే ‘మోటరు పోయిందమ్మా, సీటు మొత్తం మార్చాలి’ అని కబురు రావడం, వేలకు వేలు వదలడం. తీరా కొత్త మోటరు వేసినా సీటు కదలకపోతే అప్పుడు తెలుస్తుంది, పోయింది మోటరు కాదనీ, పదుల రూపాయలు చేసే ఫ్యూజనీ!

ఈ అవస్థ తప్పించుకోవడానికి మీరు మెకానిక్ అవనక్కర్లేదు. కరెంటు ఎక్కడి నుంచి బయల్దేరి ఎక్కడ ఆగిపోయిందో అంచనా వేయగలిగితే చాలు.

ఇది సుఖం సంగతి కాదు

‘సీటు కాస్త వెనక్కుంటే ఏమైందిలే, సర్దుకుపోదాం’ అనుకుంటాం. సర్దుకుపోవడం మనకు అలవాటే కదా! కానీ ఇక్కడ సర్దుకుపోకూడదు. బ్రేకు పెడల్‌ను పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు కర్రలా చాచి, మునివేళ్లతో నొక్కాల్సి వస్తోందంటే అవసరానికి బ్రేకు పూర్తిగా పడదు. వీపు వెనక దిండు పెట్టుకుంటే ఉన్నట్టుండి బ్రేకు వేసినప్పుడు అది జారిపోతుంది, సీటు బెల్టూ ఒంటిని సరిగా పట్టి ఉంచదు.

అలాగని మరీ ముందుకు జరిగి ఇరుక్కుపోయినా ప్రమాదమే. ఛాతీ మధ్య ఎముక నుంచి స్టీరింగ్ మధ్యభాగం దాకా కనీసం 25 సెంటీమీటర్లు, అంటే 10 అంగుళాల దూరం ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగు క్షణంలో వెయ్యోవంతుల లెక్కలో, అంతటి విసురుతో విచ్చుకుంటుంది మరి. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి ఈ లెక్క మనకూ వర్తిస్తుంది.

నిజామాబాద్ నుంచి బోధన్‌కు రోజూ వెళ్లొచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు, నర్సులు ఎందరో. దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకే. ఎడపల్లి దాటుతుంటే ముందు చెరుకు లోడు ట్రాక్టరు నింపాదిగా పోతుంటుంది. వెనక ఎర్రలైటు ఉండదు, పక్కకు వేలాడే గడలు రోడ్డు సగం ఆక్రమిస్తాయి. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా చెరుకు వేసే రైతులు వేస్తూనే ఉన్నారు, కోతల కాలంలో గడలు వేరే ఫ్యాక్టరీలకు దూరాలు పోతూనే ఉన్నాయి. అలాంటి బండి వెనక మబ్బుపట్టిన సాయంత్రం మీరు నడుపుతుంటే కాలికి బ్రేకు నిండా అందాలా, వద్దా? సీటు సరిగా ఉండటం అంటే అదీ!

పొలంలో మోటరు చెప్పే పాఠం

బోధన్, వర్ని, కోటగిరి వైపు ఏ రైతు ఇంటి ఆడపడుచునైనా అడగండి. ‘బోరు మోటరు నడవకపోతే ఏం చేస్తారు?’ అని. ‘ముందు కరెంటుందా చూస్తాం. ఉంటే ఫ్యూజులు చూస్తాం. అవీ బాగుంటే స్టార్టరు డబ్బా తెరుస్తాం. తీగలు ఎక్కడన్నా తెగినయా చూస్తాం. అన్నీ బాగుంటేనే మోటరు పైకి గుంజుతాం’ అంటుంది. ఎందుకంటే మోటరు పైకి గుంజడానికి మనుషులు కావాలి, రోజు పోతుంది, డబ్బు పోతుంది. తేలికగా చూడగలిగేది ముందు, కష్టమైంది చివర.

కారు సీటుకూ ఇదే సూత్రం. దారి మాత్రం ఇంకాస్త చిన్నది. బ్యాటరీలోంచి 12 వోల్టుల కరెంటు బయల్దేరుతుంది. ఫ్యూజు మీదుగా సీటు పక్కనున్న స్విచ్చికి చేరుతుంది. మీరు నొక్కగానే స్విచ్చి దాన్ని మోటరుకు పంపుతుంది. మోటరులోంచి బయటికొచ్చిన కరెంటు ‘ఎర్తు’ తీగ ద్వారా కారు ఇనుప బాడీలోకి, అక్కణ్ణుంచి తిరిగి బ్యాటరీకి వెళ్తుంది. ఈ చక్రంలో ఎక్కడ తెగినా సీటు కదలదు.

ఒక సీటుకు ఒకే మోటరు ఉండదు. ‘ఆరు వైపుల సీటు’ అంటే మూడు మోటర్లు. ముందుకూ వెనక్కూ జరపడానికి ఒకటి, ఎత్తు పెంచి దించడానికి ఒకటి, వీపు వాల్చి లేపడానికి ఒకటి. ‘ఎనిమిది వైపుల సీటు’కు నాలుగు. అంటే ఒక్కో మోటరుకు రెండేసి పనులు. కరెంటు ఒక వైపు నుంచి ప్రవేశిస్తే ముందుకు తిరుగుతుంది, ఆ వైపులు మార్చి పంపితే వెనక్కి తిరుగుతుంది. అలా వైపులు మార్చే పని స్విచ్చిది. ఈ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. లోపం పట్టుకోవడంలో సగం పని దీనితోనే అయిపోతుంది.

అయిదు నిమిషాల్లో మీరే!

కారు ఇంటి ముందు నిలిపే ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ ఆపి ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాసుకోండి. కొన్ని కార్లలో తాళం తిప్పితేనే సీటు పనిచేస్తుంది, అలాంటప్పుడు ఇంజన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పండి.

ఒకటి: ఆగింది అన్ని కదలికలా, ఒకటేనా?

ముందుకు, వెనక్కి, పైకి, కిందికి, వాలు... ఒక్కటీ పనిచేయడం లేదా? అయితే మూడు నాలుగు మోటర్లు ఒకేసారి చెడిపోవడం జరిగే పని కాదు. అన్నింటికీ కలిపి ఉన్నవేమిటి? ఫ్యూజు, స్విచ్చికి వచ్చే మెయిను తీగ, ఎర్తు తీగ, సీటు కింది పెద్ద కప్లర్. అనుమానం వాటి మీదే.

ఎత్తు ఒక్కటే ఆగి మిగతావన్నీ బాగున్నాయా? అప్పుడు ఫ్యూజు, మెయిను తీగ సాధారణంగా బాగున్నట్టే లెక్క. అనుమానం ఆ మోటరు మీద, దాని తీగల మీద, స్విచ్చిలో దానికి సంబంధించిన భాగం మీద.

వెనక్కి పోతోంది గానీ ముందుకు రావడం లేదా? అదే మోటరు ఒక వైపు బాగా తిరుగుతోందంటే మోటరు బతికే ఉంది, తీగలూ బాగున్నాయి. వైపు మార్చేది స్విచ్చి కాబట్టి మొదటి అనుమానం దాని మీదే. ఇంతకుముందే చివరిదాకా వచ్చేసి ఆగిందేమో, పట్టాలో ఏదైనా అడ్డుపడిందేమో మాత్రం ముందు చూసుకోండి. ఇలాంటి సందర్భంలో ‘మోటరు పోయింది’ అని ఎవరన్నా అంటే తొందరపడి నమ్మకండి.

రెండు: చప్పుడు వస్తోందా?

రేడియో ఆపి, అద్దాలు మూసి మీట నొక్కండి. ‘గుర్రు’మని మోటరు తిరిగే చప్పుడు వస్తూ సీటు మాత్రం కదలడం లేదంటే కరెంటు చక్కగా అందుతోందన్నమాట. తంటా పళ్లచక్రాల్లోనో, వాటిని తిప్పే కడ్డీలోనో ఉంది. ‘టక్’మని ఒక్క చప్పుడుతో ఆగితే మోటరు ప్రయత్నించి ఇరుక్కుపోయి ఉండొచ్చు. అసలు నిశ్శబ్దమైతే కరెంటు దారి చూడాలి.

మూడు: లోపలి లైటు ఏమంటోంది?

ఇది పాత మెకానిక్‌ల చిట్కా. చీకటి పడ్డాక కారు లోపలి పైలైటు వేసి, దాన్నే చూస్తూ సీటు మీట నొక్కండి. లైటు కొంచెం మందగిస్తే కరెంటు మోటరులోకి వెళ్తోంది, కానీ అది తిరగలేకపోతోంది. అంటే ఎక్కడో పట్టేసింది. లైటు రవ్వంత కూడా తగ్గకపోతే కరెంటు అక్కడికి చేరడమే లేదు. ఫ్యూజో, స్విచ్చో, తీగో, ఎర్తో తెగింది. ఎల్ఈడీ లైట్లున్న కార్లలో ఈ తేడా అంతగా కనిపించదు. అక్కడ మీటరుతోనే చూడాలి.

ఫ్యూజు తీయడం, చూడటం

కారుతో వచ్చిన పుస్తకం ఎక్కడో అరలో పడి ఉంటుంది. అందులో ఫ్యూజుల పట్టిక ఉంటుంది, ఏ ఫ్యూజు దేనిదో రాసి ఉంటుంది. ఫ్యూజు డబ్బా మూత లోపలా చాలావరకు బొమ్మ వేసి ఉంటుంది. సాధారణంగా ఒక డబ్బా స్టీరింగ్ కింద, ఇంకొకటి బానెట్ కింద ఉంటాయి. కారు పూర్తిగా ఆపి, డబ్బాలోనే ఉండే చిన్న చిమటాతో ఫ్యూజును నిటారుగా లాగండి. రెండు కాళ్ల మధ్య సన్నని లోహపు వంపు తెగి ఉన్నా, నల్లగా మాడి ఉన్నా ఫ్యూజు పోయినట్టే.

ఫ్యూజుకు రంగే పేరు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, రంగులేని తెలుపు 25, ఆకుపచ్చ 30. సీటు మోటర్లకు కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి చాలా కార్లలో 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పోయిన దాని స్థానంలో సరిగ్గా అంతే విలువున్నది పెట్టాలి. ‘ఇది మాటిమాటికీ పోతోంది, కాస్త పెద్దది వేద్దాం’ అన్న మాట ఎవరి నోట వచ్చినా ఒప్పుకోకండి. రాగితీగ చుట్టి పెట్టడం అంతకన్నా దారుణం. ఫ్యూజు కాపాడేది మోటరును కాదు, తీగను. ఫ్యూజు కరగకపోతే తీగ కాలుతుంది. తీగ కాలితే కింద కార్పెట్, పైన స్పాంజి, ఆ పైన మీరు!

కొత్త ఫ్యూజు పెట్టగానే పోయిందా? ఎక్కడో మెయిను తీగ ఇనుముకు తగులుతోంది. ఒక్క వాలు మీట నొక్కినప్పుడే పోతోందా? తంటా ఆ మోటరు వైపు. సీటు సగం దూరం వచ్చాక, ఎప్పుడూ ఒకేచోట పోతోందా? ఆ చోట తీగ పట్టాల మధ్య నలుగుతోంది. ఫ్యూజు ‘ఎప్పుడు’ పోతుందో గమనించి చెబితే మెకానిక్‌కు అరపూట వెతుకులాట తగ్గుతుంది.

వంగి చూస్తే సగం తెలుస్తుంది

సీటు కింద టార్చి వేసి చూడండి. జారిపడ్డ సెల్ ఛార్జరు, పిల్లల బొమ్మకారు, రూపాయి బిళ్ల, నీళ్ల సీసా మూత, మడత గొడుగు... ఏది పట్టాలో ఇరుక్కున్నా సీటు ఆగిపోతుంది. అడ్డం వచ్చినా మీట అలాగే నొక్కి పట్టుకుంటే మోటరు వేడెక్కుతుంది. కొన్ని సీట్లలో వేడెక్కగానే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. పిల్లలు పదేపదే నొక్కి ఆడుకున్నాక సీటు ఆగిపోతే, ఓ అరగంట వదిలేసి మళ్లీ చూడండి. అది రోగం కాదు, అలసట!

మన వైపు ఇంకో శత్రువు ఎలుక. పొలాల పక్కన, గడ్డివాముల దగ్గర, ధాన్యం నిలవ ఉన్న షెడ్లలో కారు పెడితే సీటు కింద మెత్తని చోటు దొరికిందని చేరుతుంది. తీగల మీది ప్లాస్టిక్ కొరికేస్తుంది. దూది ముక్కలు, గింజల పొట్టు, చిన్న నల్లని రెట్టలు కనిపిస్తే అదే సంగతి. తినుబండారాలు కారులో వదలకపోవడమే దీనికి మొదటి మందు.

వానాకాలం తర్వాత కార్పెట్‌ను చేత్తో ఒత్తి చూడండి. తడిగా ఉందా? తలుపు రబ్బరులోంచో, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయో నీరు చేరుతోంది. ఆ తేమకు సీటు కింది కప్లర్ పిన్నులకు పచ్చని చిలుము పడుతుంది. రాగిబిందెకు పట్టే చిలుములాంటిదే. చిలుము పట్టిన చోట కరెంటు సరిగా దాటదు.

ఇక స్విచ్చి. చెరుకు రసం బండి దగ్గర కారు ఆపి, గ్లాసు లోపలికే తెప్పించుకుని తాగడం మన అలవాటు. ఒలికిన రసం సీటు పక్కన స్విచ్చిలోకి దిగితే ఎండి పాకంలా పట్టేస్తుంది. మీట గట్టిపడటం, నొక్కితే తిరిగి పైకి రాకపోవడం దాని గుర్తులు. చక్కెర సీమలో చక్కెరతో వచ్చే రిపేరు ఇదొక్కటే కాబోలు! అప్పుడు నీళ్లు చల్లి కడగకండి. స్విచ్చి విప్పించి, కరెంటు భాగాలకు వాడే క్లీనరుతో శుభ్రం చేయించాలి.

పసుపు కప్లర్ కనిపిస్తే చెయ్యి వెనక్కి!

సీటు కింద తీగల్లో పసుపుపచ్చ తొడుగు, పసుపుపచ్చ కప్లర్ కనిపిస్తాయి. మనకు పసుపు శుభమే గానీ ఇక్కడ అది హెచ్చరిక. ఆ తీగలు సీటులో దాగిన పక్క ఎయిర్‌బ్యాగుకో, ప్రమాదంలో బెల్టును బిగించే పరికరానికో వెళ్తాయి. వాటిని గుంజకూడదు, టెస్ట్ ల్యాంపు ఆనించకూడదు, మీటరు పెట్టకూడదు. చిన్నపాటి కరెంటుకే ఎయిర్‌బ్యాగు పేలి విచ్చుకునే ప్రమాదం ఉంది.

సీటు విప్పాల్సి వస్తే పద్ధతి తెలిసిన మెకానిక్ ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పుతాడు. తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగుతాడు. బ్యాటరీ విప్పినా ఎయిర్‌బ్యాగు పెట్టెలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది గనక. కప్లర్లు ఊడదీసి ఉన్నప్పుడు తాళం తిప్పకూడదు. తిప్పితే మీటర్ల పలక మీద ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, దాన్ని ఆర్పడానికి స్కానర్ కావాల్సి వస్తుంది. ఇవేవీ చేయకుండా నేరుగా సీటు బోల్టులకు పానా పెట్టే మనిషైతే, దండం పెట్టి బండి వెనక్కి తెచ్చుకోండి.

మీరు ఫ్యూజు దగ్గరా, బ్యాటరీ దగ్గరా చెయ్యి పెట్టేటప్పుడు లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ బంగారు గాజు బ్యాటరీ కొనకూ ఇనుముకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. చున్నీ, కొంగు, జడ సీటు పట్టాలకు దూరంగా ఉంచండి. మీరు వంగి చూస్తుండగా పిల్లలెవరూ మీట నొక్కకుండా చూసుకోండి.

మెకానిక్ దగ్గర మీరేం చూడాలి?

ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో ముఖ్యమైన పనిముట్టు చిన్న టెస్ట్ ల్యాంపు. మీటరు ఉండగా ల్యాంపు ఎందుకంటారా? సగం తెగి, ఒకటి రెండు పోగుల మీద వేలాడే తీగలో కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. కానీ పని పడితే ఆ తీగ కరెంటు మోయలేదు. బల్బు వెలగాలంటే కాస్త కరెంటు నిజంగా పారాలి, అందుకే అది మసకబారి గుట్టు బయటపెడుతుంది. మీటరుతోనే చూస్తే మీట నొక్కి పట్టుకుని, మోటరుకు పని పెట్టి చూడాలి.

పరీక్ష మూడు చోట్ల జరగాలి. మొదటిది, స్విచ్చికి వచ్చే మెయిను తీగ దగ్గర. ల్యాంపు వెలిగితే బ్యాటరీ నుంచి స్విచ్చి దాకా దారి బాగుంది. రెండోది, ఎర్తు. ల్యాంపు ఒక కొనను కరెంటున్న తీగకు, రెండో కొనను ఎర్తు తీగకు పెడితే బాగా వెలగాలి. మసకగా ఉంటే ఎర్తు బోల్టు వదులైంది, లేదా తుప్పు పట్టింది. బోల్టు విప్పి, గీకి, బిగిస్తే సరిపోతుంది. మూడోది, మోటరు కప్లర్ దగ్గర, మీట నొక్కి. అక్కడ ల్యాంపు నిండుగా వెలుగుతూ మోటరు తిరగకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, మోటరు పోయిందనాలి. వెలగకపోతే లోపం స్విచ్చిలోనో, మధ్య తీగలోనో ఉంది.

మెకానిక్‌తో మాట ఇలా ఉంటే బాగుంటుంది.

‘‘మోటర్ పోయిందమ్మా, కొత్తది తెప్పించాలి.’’

‘‘ఎట్ల తెలిసింది భాయ్? మోటర్ కప్లర్ కాడ లైటు పెట్టి చూసిన్రా?’’

‘‘చూడాల్నా అమ్మా?’’

‘‘జర చూడండి భాయ్. వెనక్కి పోతుంది, ముందుకే వస్తలేదు. ఫ్యూజు నేను చూసిన, మంచిగనే ఉంది. స్విచ్చి మీద అనుమానం నాకు.’’

ఇందులో దబాయింపు లేదు, ఆయన పనితనాన్ని తక్కువ చేయడమూ లేదు. మీరు చూసింది చూసినట్టు చెప్పారు, అంతే! పని తెలిసిన మెకానిక్ ఇలాంటి మాటకు సంతోషిస్తాడు. నొచ్చుకున్నాడంటే ఆలోచించాల్సిందే. మార్చిన పాత భాగాన్ని తప్పకుండా అడిగి తీసుకోండి. కారుకు ఇంకా వారంటీ ఉంటే మాత్రం బయట ఎవరిచేతా తీగలు కోయించకండి. కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లండి.

జ్ఞాపకం ఉండే సీట్లు

కొన్ని సీట్లు ‘ఇది అమ్మ స్థానం, ఇది నాన్న స్థానం’ అని గుర్తుపెట్టుకుంటాయి. వీటిలో మీటకూ మోటరుకూ మధ్య ఒక చిన్న కంప్యూటర్ పెట్టె ఉంటుంది. బ్యాటరీ మార్చాక ఈ సీట్లు పాత స్థానాలు మరిచిపోవచ్చు, మొండికేయవచ్చు. చాలావరకు అది చెడిపోవడం కాదు. పుస్తకంలో చెప్పినట్టు సీటును ఒకసారి పూర్తిగా ముందుకూ, పూర్తిగా వెనక్కూ జరిపితే మళ్లీ నేర్చుకుంటుంది. ఈ రకం కార్లలో తీగలు పొడిచి చూడటం కన్నా స్కానర్ పెట్టి చూడటమే మేలు.

బ్యాటరీ నీరసించినా సీటు నెమ్మదిగా, మూలుగుతూ కదులుతుంది. రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ పొద్దున 12.6 వోల్టుల దరిదాపు చూపాలి. 12 కన్నా దిగిపోతే సీటును తిట్టడం దండగ, ముందు బ్యాటరీ సంగతి చూడాలి. ఇంజన్ స్టార్టు చేయగానే సీటు చురుగ్గా కదిలిందంటే అనుమానం అటే.

దారిలో ఇరుక్కుంటే?

మీకు సరిపడే స్థానంలోనే సీటు ఆగిపోతే చింత లేదు, ఇంటిదాకా నడపొచ్చు. సరిపడని స్థానంలో ఆగితే మీరు నడపకండి. ఆ స్థానం సరిపోయే వారెవరైనా ఉంటే వారికివ్వండి, లేదా మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి. వీపు పూర్తిగా వాలిపోయి ఆగిన సీటులో ఎవరూ కూర్చుని నడపకూడదు. బండి కదులుతుండగా సీటు సర్దుకునే అలవాటు అసలే వద్దు. లోపం ఉన్న సీటు ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు?

ఆడవాళ్లకు యంత్రాలు తెలియవనేవాళ్లకు జర్మనీ ఇల్లాలు బెర్తా బెంజ్ సంగతి చెప్పండి. 1888 ఆగస్టులో, మోటారు కారును జనం ఇంకా నమ్మని రోజుల్లో, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులతో కారు తీసుకుని దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని పుట్టింటికి బయల్దేరింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. మంట అందించే కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీని చుట్టి కాపాడుకుంది. కారుతో చేసిన మొదటి దూరప్రయాణం అదేనంటారు. అందులో కరెంటు లోపం కనిపెట్టి సరిదిద్దింది ఒక ఇల్లాలు!

మనకు టోపీ పిన్ను అక్కర్లేదు. కారు అరలో ఇవి ఉంటే చాలు:

* కారుతో వచ్చిన పుస్తకం. ఫ్యూజుల పట్టిక ఉన్న పేజీకి గుర్తు పెట్టి ఉంచండి.

* 10, 15, 20, 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి, ఫ్యూజు లాగే చిమటా.

* చిన్న టార్చి, ఒక పెన్ను, కాగితం.

* పైన చెప్పిన మూడు ప్రశ్నలు: అన్నీ ఆగాయా, ఒకటేనా? చప్పుడు ఉందా? లైటు తగ్గిందా?

ఈ ఆదివారం ఓ పావుగంట తీరిక చేసుకుని, సీటు బాగున్నప్పుడే దాని ఫ్యూజు ఎక్కడుందో వెతికి చూసుకోండి. ఇంట్లో కారు నేర్చుకుంటున్న కూతురో, కోడలో ఉంటే పక్కన నిలబెట్టుకుని మరీ చూపించండి.